గంజాయి విచారణసంఘము: మాదకద్రవ్య విధానచర్చలో మరువబడిన ఒక ప్రమాణము

తెలుగున 'మందు' అను మాటకు గల అర్థవ్యాప్తి గమనింపదగినది. రోగము మాన్పునది మందు. ప్రాణము తీయునదియు మందే. తుపాకిలో కూరునది మందు. వశీకరణమునకై అన్నములో కలిపి పెట్టుదురని జనులు భయపడునదియు మందే. నేటి వాడుకలో మద్యమునకును ఆ పేరే చెల్లుచున్నది. అభినికి మనవారు పెట్టుకొన్న పేరు నల్లమందు. ఒకే పదార్థము మోతాదునుబట్టియు, సమయమునుబట్టియు, పుచ్చుకొనువానినిబట్టియు మేలో కీడో చేయునను అనుభవము ఈ పదమునందు ఇమిడియున్నది. ఇందుకు భిన్నముగా 'గంజాయివనములో తులసిమొక్క' అను సామెతయు మనకు కలదు. ఇందు తారతమ్యమునకు తావులేదు. గంజాయి చెడుగు, తులసి మంచి. నడుమ మరియొకటి లేదు.

మాదకద్రవ్యములను రాజ్యము నిషేధింపవలెనా, అదుపులో నుంచి అనుమతింపవలెనా అను వివాదము నేడు పెక్కు దేశములలో సాగుచున్నది. ఈ వివాదమంతయు పై రెండు దృష్టుల నడుమనే నడచుచున్నదని చెప్పవచ్చును. ఒకరు మోతాదును చూచుచున్నారు. మరియొకరు వస్తువును చూచుచున్నారు. ఈ చర్చలో భారతదేశమునకు ఒక ప్రత్యేకస్థానము కలదు. ఒక మాదకద్రవ్యమును గూర్చి విస్తృతమైన ప్రభుత్వవిచారణ తొలుత జరిగిన దేశములలో మనది యొకటి. 1893–94 సంవత్సరములలో పనిచేసిన గంజాయి విచారణసంఘపు కృషిని పరిశీలించి, అది నెలకొల్పిన ప్రమాణమేదో, ఆ ప్రమాణము తరువాతి చట్టములలో ఎట్లు మరుగుపడినదో నిరూపించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము. నిషేధపక్షమునకో, అనుమతిపక్షమునకో వాదించుట మా పని కాదు. వాదమునకు ముందు జరుగవలసిన విచారణ ఎట్టిదో చూపుటయే మా పని.

ఈ మొక్క మనకు కొత్తది కాదు. అథర్వవేదమునందు 'భంగ' పేర్కొనబడినది. ఆయుర్వేద నిఘంటువులలో దీనికి 'విజయ' యని పేరు. ఒకే మొక్కనుండి మూడు సరకులు వచ్చుచున్నవి. ఆకు భంగు, ఆడుమొక్క పూగుత్తి గంజాయి, జిగురు చరసు. మత్తు ఈ వరుసనే హెచ్చును. పూగుత్తులలో గింజ పట్టకుండుటకై మగమొక్కలను ముందుగనే ఏరి పెరికివేయుదురు. వంగరాష్ట్రమున రాజషాహి ప్రాంతమందలి నవగావులో ఈ పనికే వేరుగ నేర్పరులుండెడివారు. మదరాసు రాజధానిలో ఈ పైరు సాగైన చోట్లలో ఒకటి తెలుగునాటనే కలదు. అది నాటి కృష్ణాజిల్లా బాపట్ల తాలూకాలోని దగ్గుబాడు. నేడు పొగాకునకును, ప్రత్తికిని పేరుపడిన ఆ సీమలోని రైతు ఆనాడు ఈ పైరును దాచకయే పండించెను.

విచారణకు కారణమైనది లండనునందలి ఒక ప్రశ్న. 1893 మార్చి 2న బ్రిటిషు కామన్సుసభలో డబ్ల్యు. యస్. కెయిన్ అను సభ్యుడు వంగరాష్ట్రపు గంజాయిని గూర్చి ప్రశ్నించెను. ఆయన మద్యపాన వ్యతిరేకోద్యమమున ప్రముఖుడు. భారత జాతీయకాంగ్రెసునకు మిత్రుడు. గంజాయి పిచ్చి పుట్టించుననియు, నేరములు చేయించుననియు, అట్టి సరకుపై ప్రభుత్వము పన్ను గుంజుకొనుట సిగ్గుచేటనియు ఆ పక్షమువారి వాదము. భారతప్రభుత్వము విచారణను వంగరాష్ట్రమునకే పరిమితము చేయక దేశమంతటికి విస్తరింపజేసి, 1893 జూలైలో ఏడుగురు సభ్యుల సంఘమును నియమించెను. డబ్ల్యు. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. రాజా శశిశేఖరేశ్వర రాయ్, కన్వర్ హర్నామ్ సింగ్, లాలా నిహాల్ చంద్ భారతీయ సభ్యులు. సంఘము 70 ప్రశ్నల పట్టిక నొకదానిని సిద్ధపరచి పంపెను. మొత్తముమీద 1,193 మంది సాక్ష్యము లభించెను. అధికారులు, వైద్యులు, సాగుదారులు, వర్తకులు, మతాచార్యులు, మిషనరీలు ఇందులో నుండిరి. 1894 ఆగస్టులో నివేదిక సమర్పింపబడెను.

ఈ నివేదికయందు మా దృష్టికి మిక్కిలి విలువైనది పిచ్చాసుపత్రుల విచారణ. గంజాయి పిచ్చి పుట్టించునను నమ్మకమునకు అంతవరకు గొప్ప ఆధారముగా నిలిచినవి ఆసుపత్రుల వార్షికపట్టికలు. 1892వ సంవత్సరమున చేరిన 1,344 మందిలో 222 మందికి గంజాయి మొదలగునవియే కారణమని ఆ పట్టికలలో నుండెను. అనగా ఆరుగురిలో ఒకరన్నమాట. సంఘము ఈ సంఖ్యతో తృప్తినొందలేదు. ఈ 222 మందిని గూర్చి ఒక్కొక్కరి విషయమై వేరువేరుగ విచారణ జరిపించెను. అప్పుడు బయటపడిన సంగతి ఆశ్చర్యకరమైనది. మతి చలించినవానిని ఆసుపత్రికి పంపునప్పుడు వానితోకూడ ఒక వివరపత్రము వచ్చును. దానిని సాధారణముగ నింపువారు పోలీసులు. అందు 'కారణము' అని యొక గడి కలదు. గడి ఖాళీగా నుండరాదు. దిక్కులేక తిరుగు వెర్రివాని పూర్వచరిత్ర ఎవరికి తెలియును? వాడు గంజాయి త్రాగునని ఎవరో చెప్పిన చాలును. ఆ గడి నిండెను. ఆసుపత్రివారు దానినే తమ పుస్తకములోని కెక్కించిరి. పుస్తకమునుండి అది వార్షికపట్టికలోనికి, పట్టికనుండి ప్రభుత్వనివేదికలోనికి, అందుండి పార్లమెంటులోని ఉపన్యాసములోనికి నడచెను. ఈ విధముగ ఊహ క్రమముగ శాస్త్రమైనది. సంఘపు విచారణానంతరము 222 లో 98 మాత్రమే నిలిచెను. ఆ 98 లోను గంజాయి ఒక్కటియే కారణమని చెప్పదగినవి 61.

ఈ లెక్క సంఘమువారి తుదితీర్పుకంటె ముఖ్యమైనదని మేము భావించుచున్నాము. తీర్పులతో ఏకీభవింపకపోవచ్చును, ఈ పద్ధతిని మాత్రము కాదనరాదు. అధికారపత్రమున వ్రాయబడియున్నంతమాత్రమున ఒక విషయము సాక్ష్యము కానేరదు. దానిని ఎవరు వ్రాసిరి, ఏ గడిని నింపుటకు వ్రాసిరి, వ్రాయునాటికి వారికి తెలిసినదెంత అని వెదకినగాని అది సాక్ష్యము కాదు. శాసనములను, తాళపత్రములను పరిష్కరించువారికి ఈ నియమము చిరపరిచితమే. ఒక ప్రతిలోని తప్పు పది ప్రతులలోనికి ప్రాకినంతమాత్రమున అది పాఠము కాదుగదా!

సంఘపు నిర్ణయముల సారము ఇది. మితముగ వాడినయెడల చెప్పుకోదగిన హాని లేదు. మితిమీరినయెడల హాని కలదు. మితిమీరువారు కొలదిమంది. వారివలన కలుగు కీడు ప్రధానముగ వారికే. సంఘమునకు అంతగా తగులదు. సంపూర్ణనిషేధము అవసరమును కాదు, ఉచితమును కాదు. దానివలన మతాచారములకు భంగము కలుగును. జనులు సారాయివంటి ఇతర మత్తులకు మరలుదురు. కావున లైసెన్సు లేని సాగును మాన్పి, సాగును కొలదిచోట్లకు కుదించి, దుకాణముల సంఖ్యను తగ్గించి, ఒక్కొక్కరు ఉంచుకొనదగిన సరకునకు పరిమితి విధించి, తగిన పన్ను వేయవలెనని సంఘము సూచించెను. ఇందు మూడు ప్రశ్నలు వేరువేరుగ విచారింపబడినవి. వస్తువు హానికరమా? హాని ఎంత, ఎవరికి? చట్టము ఆ హానిని తగ్గించునా, లేక కొత్తహానిని తెచ్చునా? మొదటి ప్రశ్నకు 'ఔను' అని చెప్పినంతమాత్రమున మూడవ ప్రశ్నకు జవాబు దొరకదు. సంఘము నెలకొల్పిన ప్రమాణమని మేము పేర్కొనునది ఈ వివేకమునే.

అయితే ఈ సంఘము నిష్పక్షపాతమైనదని ఎట్లు నమ్ముట? గంజాయిపై పన్ను ప్రభుత్వమునకు ఆదాయము. ఆదాయము ననుభవించువాడే విచారణకర్త యగుట అనుమానాస్పదమే. ఆ కాలముననే నియమింపబడి 1895లో నివేదిక సమర్పించిన నల్లమందు రాజసంఘమును ఇందుకు పోల్చి చూడవలెను. లార్డు బ్రాసీ అధ్యక్షతన పనిచేసిన ఆ సంఘము కూడ నిషేధమును నిరాకరించెను. కాని అచ్చట చైనా ఎగుమతులవలన వచ్చు రాబడి మిగుల పెద్దది. ఆ రాబడి నిర్ణయమును త్రిప్పెనను విమర్శ అప్పుడే పుట్టెను. హెన్రీ విల్సన్ అను సభ్యుడు తన భిన్నాభిప్రాయమును వేరుగ వ్రాసెను. గంజాయి సంఘములోను భిన్నాభిప్రాయములు లేకపోలేదు. వాటిని వ్రాసినవారు ఇద్దరును భారతీయులే: శశిశేఖరేశ్వర రాయ్, నిహాల్ చంద్. గంజాయి, చరసులపట్ల వారి వైఖరి తక్కినవారికంటె కఠినమైనది. మరియొకవంక జె. యమ్. కాంబెల్ అను ఆంగ్లాధికారి హిందూమతమున భంగునకు గల పవిత్రస్థానమును గూర్చి సుదీర్ఘముగ వ్రాసి సమర్పించెను. కావున ఇది పాలకులకును పాలితులకును నడుమ జరిగిన వివాదమని సరళముగ తేల్చివేయుట చరిత్రకు విరుద్ధము. ప్రభుత్వపు స్వార్థమును మనము మరువరాదు. కాని స్వార్థమున్నచోటనుండి వచ్చిన ప్రతి లెక్కయు అబద్ధమని త్రోసివేయరాదు. 222 మంది చరిత్రలను తిరుగవిచారించిన లెక్క ఎవరు చేసినను నిలుచునట్టిది.

అదుపులో నుంచి అనుమతించుట అను మార్గము నిర్దోషమైనదని కూడ భ్రమింపరాదు. ఇందుకు నిదర్శనము మన మన్యముననే కలదు. రంపదేశపు గిరిజనులు తరతరములుగ తమ జీలుగుచెట్ల కల్లును ఎవరి అనుమతియు లేక గీచుకొనెడివారు. ప్రభుత్వము కల్లును ఆబ్కారి గుత్తకు లోబరచినపుడు గుత్తదారులు కొండలలోనికి ప్రవేశించిరి. తన చెట్టు కల్లునకే కొండవాడు పన్ను చెల్లింపవలసివచ్చెను. మన్సబుదారు విధించిన చిగురుపన్ను దీనికి తోడయ్యెను. అప్పులు, కోర్టుతగవులు, పోలీసుల జులుము వీటిని వెన్నంటెను. ఫలితము 1879 నాటి రంప తిరుగుబాటు. అది గోలుగొండ కొండలకును, భద్రాచల ప్రాంతమునకును వ్యాపించినది. అచ్చట కల్లును ఎవరును నిషేధింపలేదు. లైసెన్సు నిచ్చిరి, అంతే. ఎవరికి లైసెన్సు, ఎవరికి లాభము అను ప్రశ్నను విడిచిన 'అనుమతి' సైతము నిషేధమంత క్రూరము కాగలదని ఈ చరిత్ర బోధించుచున్నది. గంజాయి సంఘము అడిగిన మూడు ప్రశ్నలకు ఈ నాలుగవదానిని చేర్చుట అవసరము.

ఇక తరువాతి చరిత్రను సంగ్రహముగ చూతము. 1925లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ నల్లమందు సదస్సునందు ఈజిప్టు ప్రతినిధుల పట్టుదలవలన గంజాయియు ఒడంబడికలోనికి చేర్పబడినది. 1930లో ప్రమాదకర ఔషధముల చట్టము వచ్చినది. స్వాతంత్ర్యానంతరము మన రాజ్యాంగములోని 47వ అధికరణము ఆరోగ్యమునకు హానికరములైన మత్తుపానీయములను, మత్తుమందులను వైద్యార్థము తప్ప వాడకుండ నిషేధించుటకు రాజ్యము యత్నింపవలెనని నిర్దేశించినది. ఈ ఆదర్శమును ఆచరణలో పెట్టిన తీరులలో నల్లమందు విషయము మెచ్చదగినది. 1949లో ప్రభుత్వము నల్లమందు తినుటను పదేండ్లలో క్రమక్రమముగ మాన్పుటకు నిశ్చయించి, ఏటేట సరఫరాను తగ్గించుచు, 1959 నాటికి వైద్యేతర విక్రయమును ఆపివేసినది. అలవాటుపడినవారిని ఒక్కనాట నేరస్థులను చేయక వ్యవధి నిచ్చినది. మన్యములో జ్వరమునకు మందుగ నల్లమందు తినెడివారికి ఈ వ్యవధి ఎంత అవసరమో చెప్పనక్కరలేదు.

1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక గంజాయిని హెరాయిను సరసన కఠినతమమైన పట్టికలోనికి చేర్చినది. కాని పూగుత్తి లేని ఆకు గంజాయి నిర్వచనమునుండి తొలగింపబడినది. సంప్రదాయపు వాడుక గల దేశములకు దానిని మాన్పుటకు 25 సంవత్సరముల గడువు లభించినది. ఆ గడువు ముగియవచ్చుచుండగా 1985లో మన మాదకద్రవ్యముల చట్టము వచ్చినది. 1894లోని భేదము దీనిలో పాక్షికముగ మిగిలినది. ఆకుతో చేయు భంగు నిర్వచనమున లేదు. అందువలననే కొన్ని రాష్ట్రములలో భంగు దుకాణములు నేటికిని నడచుచున్నవి. పూగుత్తియైన గంజాయి నేరమైనది. 1985లో గంజాయి రవాణాకు గరిష్ఠశిక్ష 5 సంవత్సరములు. 2001 సవరణచే శిక్ష బరువునుబట్టి మారినది. ఒక కిలోవరకు స్వల్పము. 20 కిలోలు దాటినయెడల వాణిజ్యపరిమాణము. దానికి కనీసము 10, గరిష్ఠము 20 సంవత్సరముల కఠినశిక్ష, లక్షకు తక్కువకాని జుల్మానా. అట్టి కేసులలో బెయిలు దొరకుట దుర్లభము. గరిష్ఠశిక్ష నాలుగింతలైనది.

తూచి శిక్షించుట న్యాయముగనే తోచును. పెద్దవర్తకునికి పెద్దశిక్ష యనునది దాని ఉద్దేశము. కాని గంజాయి బరువు హెచ్చు, వెల తక్కువైన సరకు. కొండనుండి రోడ్డువరకు దానిని మోసికొనివచ్చు కూలివాని నెత్తిమీది మూటయే వాణిజ్యపరిమాణమును దాటవచ్చును. పెట్టుబడి పెట్టినవాడు మూటను ముట్టనే ముట్టడు. మూట నెవరు మోసిరో త్రాసు చెప్పును. ఎవరికొరకు మోసిరో చెప్పదు. నాటి ఆసుపత్రి పత్రములోని 'కారణము' అను గడి చేసిన పనినే నేడు ఈ త్రాసు చేయుచున్నదని మా అభిప్రాయము. రెండును గడిని నింపును; రెండును విచారణ ముగిసినట్లు భ్రమ కల్పించును.

ఈ మాట కేవలము సిద్ధాంతము కాదు. ఆంధ్ర–ఒడిశా సరిహద్దులోని మన్యము ఇటీవలి దశాబ్దములలో గంజాయిసాగునకు దేశమున పేరుమోసినది. 1879లో తిరుగబడిన కొండల పొరుగుననే ఈ సాగు సాగినది. పెట్టుబడియు, బజారును బయటివారివి. భూమియు, కష్టమును, కేసును గిరిజనులవి. 2021 చివర ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'పరివర్తన' అను పేర వేలకొలది ఎకరముల పైరును నరికించిరి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపమున సుమారు 2 లక్షల కిలోల గంజాయిని దగ్ధము చేసిరి. ఇట్టి చర్యలు అనవసరమని మేము అనుట లేదు. పట్టుబడిన బరువును విజయమునకు కొలతగా తీసికొన్నయెడల, కొండరైతునకు మరియొక పైరు, దానికి గిట్టుబాటు ధర, దానిని కొనుటకు నమ్మకమైన బజారు కలిగినవా లేదా అను సంగతి లెక్కలోనికి రాదని మాత్రమే అనుచున్నాము.

ఇతరదేశముల అనుభవమును ఇదే ప్రమాణముతో చూడవలెను. పోర్చుగల్ 2001లో స్వంతవాడుకకై కొద్దిగ ఉంచుకొనుటను నేరముల జాబితానుండి తొలగించి, వాడువారిని న్యాయస్థానమునకు బదులు వైద్య–సాంఘిక సలహామండలులకు పంపుచున్నది. అమ్మకము మాత్రము అచ్చట నేటికిని నేరమే. ఉరుగ్వే 2013లోను, కెనడా 2018లోను గంజాయి అమ్మకమును చట్టబద్ధము చేసినవి. థాయిలాండు 2022లో తలుపులు బార్లా తెరచి, 2025లో తిరిగి వైద్యుని చీటీ నియమము విధింపవలసివచ్చెను. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యసంఘము 27–25 వోట్లతో గంజాయిని కఠినతమ పట్టికనుండి తొలగించినది. భారతదేశము తొలగింపునకు అనుకూలముగ వోటు వేసినది. 'చట్టబద్ధము' అను ఒక్క మాటక్రింద ఇన్ని భిన్నమార్గములున్నవని చర్చించువారు తరచుగ మరచుచున్నారు.

1894 నివేదికను వేదవాక్యముగ చేతబట్టుటయు తగదు. చిన్నవయసున మొదలిడి అధికముగ వాడువారిలో మనోవ్యాధుల ప్రమాదము హెచ్చునని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. నేటి సరకు పెక్కుచోట్ల నాటిదానికంటె తీవ్రమైనది. 2019లో వెలువడిన జాతీయ సర్వేక్షణ ప్రకారము దేశమున 10–75 సంవత్సరముల వయసువారిలో 2.8 శాతము, అనగా సుమారు 3.1 కోట్లమంది, అంతకుముందు సంవత్సరకాలములో భంగు, గంజాయి, చరసులలో ఏదో యొకటి వాడిరి. ఇంతమందిని చెరసాలలో పెట్టుటయు అసాధ్యము. వీరిలో వ్యసనమునకు లోనైనవారిని గాలికి వదలుటయు అధర్మము. పట్టణములలో బిడ్డలు మత్తునకు లోనగుచుండగా తల్లిదండ్రులకు కలుగు భయమును ఏ విధానచర్చయు చులకన చేయరాదు. మన్యములో జైలుపాలైన కూలివాని భార్యాబిడ్డల దుఃఖమును సైతము అట్లే చులకన చేయరాదు.

ఇంతవరకు చేసిన పరిశీలనమువలన తేలినదేమన: మాదకద్రవ్యమును గూర్చి రాజ్యము తీసికొను నిర్ణయమునకు వస్తుదోషము ఒక్కటియే ఆధారము కాజాలదు. హాని ఎంత, ఎవరికి, చట్టపుభారము ఎవరి నెత్తిమీద పడును, లాభమెవరికి అను విషయములు వేరువేరుగ తేలవలెను. ఆ తేల్చుట పట్టికలను నమ్ముటవలన కాక, ఒక్కొక్క కేసును తిరుగ విచారించుటవలన జరుగవలెను. ప్రభుత్వస్వార్థము గల కాలముననే 222 మంది వెర్రివారి చరిత్రలను ఒక్కొక్కటిగ తిరుగవెదకుట సాధ్యమైనది. స్వతంత్రదేశమున మాదకద్రవ్యపు కేసులలో శిక్షపడి చెరసాలలో నున్నవారి చరిత్రలను అట్లే వెదకుట అసాధ్యము కాదు. వారిలో ఎందరు వర్తకులు, ఎందరు మూటకూలీలు, ఎందరు వ్యసనగ్రస్తులు అని తేలిన పిమ్మట నిషేధవాదులును, అనుమతివాదులును తమ వాదములను పునఃపరిశీలించుకొందురుగాక. అంతవరకు ఉభయుల వాదములును నింపబడిన గడులే యని చెప్పవలసియున్నది.